నూజివీడు తోటల్లో ఎడమ చేతి లెక్కలు

నూజివీడు దాకా వెళ్ళి ఒక్క రసం కూడా తినకుండా తిరిగొచ్చిన మనిషి ఎవరైనా ఉంటారా అని అడిగితే, ఉన్నారు, అది నేనే. ఏప్రిల్ మొదటి వారంలో వెళ్ళాను. చిన్న రసాలకి ఇంకా నెల రోజులు ఆగాలని అక్కడ దిగేదాకా నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అనంతపురంలో ముప్ఫై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నదాన్ని, మామిడి ఎప్పుడు పండుతుందో చూసుకోకుండా పెట్టె సర్దుకున్నాను.

అసలు పని మామిడిపళ్ళు కాదులెండి. నేను లెక్కలు కూర్చోబెట్టి చెప్పను. కోణాలు చేతులతో, భిన్నాలు అడుగులతో, రుణసంఖ్యలు వెనక్కి నడిపించి చెబుతాను. కిందటి ఏడాది బడులు తెరిచిన కొత్తలో మా పిల్లలు నా క్లాసు ఫోన్లో తీశారు. ఆ వీడియో టీచర్ల గ్రూపుల్లో ఊళ్ళు తిరిగింది. బీఎడ్‌ హాస్టల్లో నా పక్క మంచం మీద పడుకున్న విజయ ఇప్పుడు ముసునూరు వైపు ఒక హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్. ఫోన్ చేసి, "సరళా, మా లెక్కల మాస్టారు నీ వీడియో చూసి బడంతా ఎగిరిస్తున్నాడే. నువ్వే వచ్చి మూడు రోజులుండు. మూడో రోజు చుట్టుపక్కల లెక్కల టీచర్లని పిలుస్తాను, నీ క్లాసు చూస్తారు" అంది. పొగిడితే పొంగిపోయే మనిషిని నేను. వెంటనే ఒప్పుకున్నాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఏడాదిన్నర నుంచి నా కుడి భుజం బిగుసుకుపోయింది. డాక్టరు కసరత్తులు చెప్పాడు, నేను చెయ్యలేదు. చెయ్యి చెవి దాకా లేవదు. అందుకే ఆ వీడియోలో కోణాలన్నీ ఎడమ చేత్తో చూపించాను. చేతులూపి లెక్కలు చెప్పే టీచరుకి చెయ్యి లేవదంటే నామోషీ కదా, ఎవరితోనూ అనలేదు.

హనుమాన్ జంక్షన్

విజయవాడలో ఎక్కిన బస్సులో బ్యాగు పైన పెట్టలేక అవస్థ పడుతుంటే వెనక సీటు పెద్దాయన లేచి పెట్టేశాడు. "మీరు కూర్చోండమ్మా, చెయ్యి నొప్పేమో" అన్నాడు. "అబ్బే, బ్యాగు బరువండీ" అన్నాను. చీరలు నాలుగూ, మా ఊరి వేరుశనక్కాయలు రెండు కేజీలూ, అంతే ఉంది అందులో.

పక్కన కూర్చున్నావిడ ఒళ్ళో సంచీ నిండా పచ్చడి కాయలు. "ఏ ఊరండీ మనది?" అంది. అనంతపురం అన్నాను. "అమ్మో, అంత దూరం నుంచా! రసాలు తిందామని వచ్చారా? ఇంకా రాలేదండీ" అని నవ్వేసింది. అలా నాకు సంగతి తెలిసింది. మా వైపు ముక్కూ మొహం తెలియని మనిషిని పలకరించడానికి కాసేపు పడుతుంది. ఇక్కడ బాపులపాడు దాటేలోపు నా జీతం, పిల్లలెందరు, మోకాళ్ళ నొప్పులున్నాయా అన్నీ అడిగేసింది. ప్రతి ప్రశ్న చివరా 'అండీ' ఉండటంతో కోపం తెచ్చుకునే వీల్లేకపోయింది.

జంక్షన్‌లో బస్సు ఆగితే బండి మీద కలెక్టరు మామిడికాయ ముక్కలు ఉప్పూకారం జల్లి అమ్ముతున్నారు. కప్పు ఇరవై రూపాయలు. పక్కావిడ నా చేత డబ్బు తియ్యనివ్వలేదు. "మా ఊరొచ్చి మీరు కొనుక్కోవడం ఏంటండీ" అంది. ఆ కారానికి నా కళ్ళు నీళ్ళు పెట్టుకున్నాయి. రాయలసీమ మనిషికి కారం ఎక్కువైందని బస్సంతా సంబరపడింది.

ముసునూరు వైపు బడి

ఒంటిపూట బడులు కాబట్టి ఏడూ ముప్పావుకే ప్రార్థన. బడి గోడ అవతలి నుంచే తోటలు మొదలు. గాలి వీస్తే క్లాసులోకి పచ్చి మామిడి వాసన వస్తుంది. ఎనిమిదో తరగతిలో ముప్ఫై ఎనిమిది మంది. ఎక్కువమంది తోటల్లోనూ పొలాల్లోనూ కూలికి వెళ్ళేవాళ్ళ పిల్లలు.

లెక్కల మాస్టారు కిశోర్‌కి ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. నన్ను చూడగానే కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. "మేడం, మీ వీడియో నలభై సార్లు చూశానండి. మీరెలా చేశారో అచ్చం అలాగే చేయిస్తున్నాను" అన్నాడు. నేను గాల్లో తేలిపోయాను.

క్లాసు మొదలుపెడుతూ ఎప్పటిలా చేతులు రెండూ పైకెత్తాను. కుడిది లేచినంతే లేచింది. ముప్ఫై ఎనిమిది మంది నన్ను చూడటం మానేసి తలలు పైకెత్తి కప్పుకేసి చూశారు. నేనూ చూశాను. అక్కడ ఫ్యాను తప్ప ఏమీ లేదు. కిశోర్ నవ్వాపుకుంటూ, "కాయలు కోసేటప్పుడు కింద మనిషి చేతులు రెండూ ఎత్తితే 'ఆగు, నేనిక్కడున్నా' అని సైగండీ. పైనుంచి ఏం పడుతుందో అని చూస్తున్నారు" అన్నాడు. నేను ఎప్పుడూ చేసే సైగకి ఇక్కడ వేరే అర్థం ఉందన్నమాట. భలేగా ఉందనుకుని నవ్వేసి ముందుకెళ్ళాను. అప్పుడే ఆగి ఆలోచించాల్సింది.

తర్వాత కోణాలు. చెయ్యి తొడ దగ్గర ఉంటే సున్నా, పక్కకి చాపితే తొంభై, చెవికి ఆనిస్తే నూట ఎనభై. కిశోర్ 'ఎడమ చెయ్యి!' అని అరిచాడు. ముప్ఫై ఏడు ఎడమ చేతులు చెవుల దాకా లేచాయి. మూడో వరసలో గోడ వైపున్న అమ్మాయి చెయ్యి మాత్రం చెవిని చేరకుండా మధ్యలోనే ఆగింది. పేరు సత్యవేణి.

"ఇంకా ఎత్తమ్మా" అన్నాను. ఎత్తలేదు. బిడియమేమో అనుకున్నాను. "సిగ్గెందుకు? ఇంకా పైకి" అన్నాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "దాని నూట ఎనభై ఎప్పుడూ అంతే మేడం!" అని ఇంకెవరో అందించారు. క్లాసంతా నవ్వింది. నేను పిల్లకి ధైర్యం చెబుతున్నాననుకుని మూడోసారి కూడా అన్నాను. సత్యవేణి చెయ్యి దించి, "నీళ్ళు తాగొస్తానండి" అని సంచీ తీసుకుని వెళ్ళింది. మళ్ళీ రాలేదు. నీళ్ళకి సంచీ ఎందుకని నాకు మధ్యాహ్నం భోజనం దగ్గర గానీ తట్టలేదు.

ఆ భోజనం గురించి చెప్పకపోతే పాపం. విజయ మామిడికాయ పప్పు చేసింది. టెంక ముక్కలు పప్పులోనే ఉంటాయి, అవి చీకాలి. మా ఇంట్లో రాగిసంగటీ, చెనిగ్గింజల ఊరిబిండీ, అదే వేరుశనగ పచ్చడీ, ఉంటే మాకు పండగ. ఇక్కడ అన్నంలో నెయ్యి పొయ్యడానికి పరిమితి లేదు. నేను ఇక చాలన్నప్పుడల్లా విజయ, "మొహమాటపడకే" అని ఇంకో గరిటె వేసింది.

తోటలో

రెండో రోజు సత్యవేణి రాలేదు. కిశోర్‌ని అడిగితే మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఈ మధ్య అస్తమానూ మానేస్తుందండి. నిరుడు బోర్డు మీద నా తప్పులు పట్టుకునేది ఆ పిల్లే. నేను మీ పద్ధతి మొదలుపెట్టాకే ఇలా అయ్యింది. ఎందుకో అర్థం కాలేదు" అన్నాడు. మీ పద్ధతి అన్న మాట దగ్గర నా గాలి కొంచెం తీసేసినట్టయింది.

బడి వదిలాక విజయా నేనూ సత్యవేణి వాళ్ళమ్మ నాగమణి పనిచేసే తోటకి నడిచాం. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా వేసుకున్న ఆడవాళ్ళు నీడన కూర్చుని కాయలు ఏరుతున్నారు. తొడిమ దగ్గర కారే సొన ఒంటి మీద పడితే కాలుతుందట, అందుకని ఆ చొక్కాలు. చెట్ల కింద మగవాళ్ళు చిక్కంతో కాయలు కోస్తున్నారు. చిక్కమంటే పొడవాటి కర్ర చివర వల సంచి. పట్టుకున్నవాడికి ఎండ కళ్ళల్లో పడి కాయ కనబడదు. పక్కనుంచి ఇంకొకరు "కుడికి... ఇంకాస్త పైకి... ఆఁ, ఆగు" అని నడిపిస్తారు. కర్ర ఒకరిది, చూపు ఇంకొకరిది.

సత్యవేణి కాయలు లెక్కపెడుతోంది. కుడి చేత్తో మూడు, ఎడమ చేత్తో రెండు, ఒక్కసారే తీసి పెట్టెలో వేస్తుంది. అలా వేసిన ప్రతి అయిదింటికీ ఒక లెక్క. "లాభం, రెండు, మూడు..." మా వైపు వేరుశనగ కొలిచేవాళ్ళు కూడా ఒకటి అనరు, లాభం అనే మొదలెడతారు. నాకు ఇంటికెళ్ళినట్టు అనిపించింది. ఇరవై అనేసరికి పెట్టె నిండింది. ఎక్కడా తడబడలేదు.

నన్ను చూసి లెక్క ఆపేసింది. నాగమణి లేచి చేతులు తుడుచుకుంది.

"బడికి పొమ్మంటే కడుపునొప్పంటదండీ. పరీక్షలు కూడా రాయదంట. వచ్చే ఏడు ఇంక ఇక్కడికే వస్తానంటంది. కొట్టి పంపలేను గదండీ" అంది.

"నేనేమన్నా అన్నానా అమ్మా?" అన్నాను పిల్లతో. నా గొంతు నాకే నచ్చలేదు.

జవాబు తల్లే చెప్పింది. "ఆరేళ్ళప్పుడు చెట్టు మీంచి పడిందండి. కట్టు కట్టించాం గానీ భుజం సరిగ్గా కుదరలేదు. ఎడమ చెయ్యి పైకి లేవదు."

భుజం లేవని దాన్ని నేను. భుజం లేవని పిల్లని నలుగురిలో మూడుసార్లు 'ఇంకా ఎత్తు' అన్నాను. పైగా ఎడమ చెయ్యే అన్న నియమం ఎక్కడి నుంచి వచ్చింది? నా కుడి భుజం దాచుకోవడానికి నేను వీడియోలో ఎడమ ఎత్తాను. కిశోర్ అచ్చం అలాగే చేయించాడు. ఆ పిల్ల కుడి చెయ్యి నిక్షేపంలా ఉంది. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

"తప్పయిపోయింది సత్యవేణీ" అన్నాను.

"మీరొక్కరే కాదులెండి, రోజూ అంతే" అంది కింద చూస్తూ. తర్వాత, "నూట నలభై రెండండి" అంది.

"ఏంటి?"

"నా చెయ్యి. గోడకి ఆనుకుని సుద్దముక్కతో గీయించుకుని కొలిచా. నూట నలభై రెండు దగ్గర ఆగిపోద్ది."

"మరి సార్‌కి చెప్పొచ్చు కదా?"

"సార్ చూపించమంటారండీ. చెప్పమనరు."

రేపు రమ్మని అడిగాను. మళ్ళీ లెక్క మొదలుపెట్టింది. లాభం, రెండు, మూడు. నాగమణి మాత్రం మాకు చెరో కాయ కోసి ఉప్పద్ది ఇచ్చింది.

నూజివీడు మండీ

సాయంత్రం విజయ నన్ను నూజివీడు మామిడి మండీకి తీసుకెళ్ళింది. ఊరగాయకి కాయలు కొనడం వంక. నేను మౌనంగా ఉంటే దానికి భయం. మండీ నిండా గడ్డి పరిచిన ప్లాస్టిక్ పెట్టెలు, లారీలు, హిందీలో కేకలు. ఇప్పుడు ధరలు ఫోన్లలోనే తేలిపోతాయట. అయినా పాత వ్యాపారులు ఒకరిద్దరు ఇంకా తువ్వాలు కిందే బేరం చేస్తారు. తువ్వాలు కప్పి, ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత. పక్కవాడికి ధర తెలియదు, నోరు మెదపక్కర్లేదు.

విజయకి తెలిసిన రత్నంగారు మూడు తరాల మామిడి వ్యాపారి. నాకు చూపిస్తానని తువ్వాలు కప్పి చెయ్యిచ్చారు. పట్టుకుంటే వేళ్ళు నాలుగే తగిలాయి. కంగారుపడి వదిలేశాను.

"చిటికెన వేలు జీపు తలుపులో పోయిందండీ, పాతికేళ్ళయింది" అన్నారాయన నవ్వుతూ.

"మరి మీకు అయిదు అని చెప్పాలంటే ఎలాగండీ?"

"మణికట్టు పట్టుకుంటారు."

"కొత్తవాళ్ళకి తెలియాలి కదా?"

"నాతో బేరానికొచ్చేవాడు ముందు నా చెయ్యేంటో తెలుసుకునే వస్తాడు మేడంగారూ. తెలీకపోతే అడుగుతాడు. అయిదు వేళ్ళు లేవని నన్ను మండీలోంచి పొమ్మంటాడేంటి?"

ఆయన మామూలుగానే అన్నారు. ఆ తర్వాత పచ్చడి కాయల ధర దగ్గర విజయతో పది నిమిషాలు పోట్లాడారు. నేను మాత్రం తువ్వాలు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

"ఏమైందే?" అంది విజయ తిరిగొస్తూ.

"ముప్ఫై ఏళ్ళుగా పిల్లల చేతులు ఎత్తిస్తున్నాను. ఒక్కరినీ ముందు అడగలేదు" అన్నాను. ఆటోలో దానికి నా భుజం సంగతి కూడా చెప్పేశాను. "అందుకా నిన్న అప్పడాల డబ్బా నా చేత దింపించావు!" అని తిట్టింది.

మళ్ళీ బడి

మూడో రోజు ఆరింటికే నాగమణి ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో సత్యవేణి పళ్ళు తోముకుంటోంది.

"నాకు కోణమానిని పట్టుకునే మనిషి కావాలి. నా కుడి భుజం ఏడాదిన్నరగా లేవటం లేదు. ఎంత లేస్తుందో నాకే తెలీదు" అన్నాను.

నన్ను ఎగాదిగా చూసింది. "ఎత్తండి చూద్దాం."

"ఇక్కడ కాదు. బడిలో."

"చూస్తాలెండి" అంది. నాగమణి, "ఇవాళ లారీ లోడుందండీ. బడి వదిలేసరికి గేటు దగ్గరుంటా, పిల్ల తోటకి రావాలి" అంది. వస్తుందని నాకు నమ్మకం లేదు.

వచ్చింది. చిట్టచివరి బెంచీలో, తలుపు పక్కనే కూర్చుంది, సంచీ ఒళ్ళోనే. వెనక గోడకి పదిహేను మంది టీచర్లు, చేతుల్లో ఫోన్లు. నేను రాసుకున్న పాఠం పక్కన పెట్టేశాను.

"ఇవాళ ఎవరూ చెయ్యెత్తక్కర్లేదు. ఎత్తాలనిపిస్తే ఎత్తండి. కూర్చుని చూసినా లెక్కే, పుస్తకంలో గీసుకున్నా లెక్కే, బల్ల కింద వేళ్ళతో చేసుకున్నా లెక్కే" అన్నాను. ఇద్దరు మగపిల్లలు అప్పుడే బెంచీ ఎక్కేశారు. ఒకమ్మాయి ఎవరికీ కనబడకుండా పెన్నులు రెండూ దగ్గరికి జరిపీ విడదీసీ కోణాలు చేసుకోవడం మొదలుపెట్టింది. నిన్నటిదాకా అందరితో చెయ్యెత్తిన పిల్లే.

"ఇది చిక్కం కర్ర" అని కుడి చెయ్యి చూపించాను. "నడిపించండి. నూట ఎనభైకి తీసుకెళ్ళండి."

ఎంత సంబరమో! "పైకి... పైకి... తొంభై! ఇంకా పైకి!" గది దద్దరిల్లింది. చెయ్యి కొంతదూరం వెళ్ళి బిగుసుకుంది. నొప్పికి పళ్ళు బిగబట్టాను. ఫోన్లన్నీ నా మీదే. కిశోర్ అలవాటుకొద్దీ, "ఇంకా, మేడం! ఇంకాస్త!" అన్నాడు.

"ఆగండి సార్!"

చివరి బెంచీ నుంచి. సత్యవేణి లేచి నిలబడింది. "మేడం చెయ్యి అంతే. అక్కడే ఉండనీండి. ఎంతొచ్చిందో కొలిస్తే మిగతాది మనం కూడుకోవచ్చు గదా."

కిశోర్ తను అన్నదేమిటో అప్పుడు విన్నాడనుకుంటాను. మొహం ఎర్రబడింది. బోర్డు మీద వాడే పెద్ద చెక్క కోణమానిని తీసుకెళ్ళి ఆ పిల్ల చేతికిచ్చాడు. సత్యవేణి వచ్చి దాన్ని నా భుజం దగ్గర ఆనించి, ఒక కన్ను మూసి చూసింది.

"నూట ఇరవై ఎనిమిది. యాభై రెండు తక్కువ" అని ప్రకటించింది. ఆగి, "నాకన్నా పద్నాలుగు తక్కువండీ మీది" అంది.

నేను ముందు నవ్వాను, తర్వాత క్లాసు నవ్వింది. మొన్నటి నవ్వు కాదిది. సత్యవేణి ఎడమ చెయ్యి ఎత్తి నా చెయ్యి పక్కన పెట్టింది. ఎవరూ అడగలేదు. "కావాలంటే చూస్కోండి" అంది అందరితో. నా కళ్ళు తడయ్యాయి. ఈసారి కారం మీదికి నెట్టడానికి కూడా వీల్లేదు.

కిశోర్ బోర్డు మీద రెండు వరసలు రాశాడు. 128 + 52. 142 + 38. రెండింటి పక్కనా 180. రాసి, "నాది కూడా కొలవవా?" అన్నాడు. నూట అరవై తొమ్మిది వచ్చింది. ఏడాదంతా అందరి చేతా నూట ఎనభై చేయించిన మనిషికి! ఇక పిల్లలు ఆగలేదు. తోసుకుంటూ లైను కట్టారు. ఫోన్లు జేబుల్లో పెట్టేసి టీచర్లు కూడా వెనకాల చేరారు. నూట డెబ్భై మూడు, నూట అరవై ఆరు, నూట డెబ్భై ఎనిమిది. ప్రతివాళ్ళూ తమకెంత తక్కువైందో అరుచుకుంటూ వెళ్ళి బోర్డు మీద రాశారు. చంపినా లేవనని బెంచీకి అతుక్కుపోయిన ఒకడి దగ్గరికి సత్యవేణి వెళ్ళి, "నీకిష్టం లేకపోతే వద్దులే, మేడంది రాసుకో" అని వచ్చేసింది. నేను అంత బాగా చెప్పగలిగేదాన్ని కాదు.

పన్నెండున్నరకి గంట కొట్టారు. ఒక్కరూ కదల్లేదు. కిటికీలోంచి గేటు దగ్గర నాగమణి కనబడింది, పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలకి గుడ్డ చుట్టుకుని. కాసేపు చూసి, లోపలికొచ్చి, తలుపు దగ్గర నిలబడి పిలిచింది.

"సత్తెవేణీ, లోడు వెళ్ళిపోద్ది, రా."

సత్యవేణి వెనక్కి తిరగలేదు. కోణమానిని ఎవరి భుజానికో ఆనించి, ఒక కన్ను మూసుకునే ఉంది.

"నువ్వెళ్ళమ్మా" అంది. "ఇంకా పదకొండు మంది ఉన్నారు."